పాక్ జలసంధి ఈతకు పద్నాలుగు నెలల సాధన: కిలోమీటర్ల కన్నా ముందు తేల్చుకోవలసినవి

నమస్కారమండి. మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, నా సమాధానమంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది కాబట్టి. మీ వయసు 38. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. 25 మీటర్ల కొలనులో 2 కిలోమీటర్లు ఆగకుండా 48 నిమిషాల్లో ఈదుతున్నారు. వచ్చే ఏడాది మార్చిలో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి తమిళనాడులోని ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈది, ఆ సందర్భంగా తలసేమియా పిల్లల రక్తమార్పిడి ఖర్చులకు విరాళాలు సేకరించాలనుకుంటున్నారు. చేతిలో 14 నెలలు ఉన్నాయి. ఇది సాధ్యమేనా, వారానికి ఎన్ని కిలోమీటర్లు ఈదాలి అన్నవి మీ ప్రశ్నలు.

సాధ్యమే. వారానికి ఎన్ని కిలోమీటర్లన్నది కింద రాస్తాను. అయితే ఇలాంటి ఈతలకు సిద్ధమయ్యేవారికి తోడుగా చాలాకాలం పడవలో కూర్చున్నవాడిగా ఒక మాట ముందే చెప్పాలి. సరైన సాధన ఉంటే 30 కిలోమీటర్లకు కావలసిన భుజబలం ఏడాదిలో చాలామందికి వస్తుంది. దానితో పాటు రానివి మూడు: ఉప్పునీళ్ళలో గంటల తరబడి కడుపును నిలబెట్టుకోవడం, వేడిని తట్టుకోవడం, పడవలోనివారు ఆపమన్నప్పుడు ఆగడం. ఈ మూడో దానిని కష్టతరం చేసేది మీరు తలపెట్టిన మంచిపనే. అందుకే విరాళాల సంగతితో మొదలుపెడతాను.

విరాళాన్ని ఒడ్డు చేరడంతో ముడిపెట్టకండి. "పూర్తిచేస్తే ఇంత ఇస్తాం", "కిలోమీటరుకు ఇంత" అనే హామీలు ఉత్సాహంగా అనిపిస్తాయి గానీ, అవి నీళ్ళలో ఉన్న మనిషి మెడకు బరువవుతాయి. ఇలాంటి ఒక సేవా ఈతలో తొమ్మిదో గంట దాటాక జరిగినది చెబుతాను. ఉదయమంతా నిమిషానికి 58 బారలు వేస్తున్న ఈతగాడు 46కు వచ్చాడు. కుడిచెయ్యి నీటిని వెనక్కి నెట్టకుండా పక్కకు జారిపోతోంది. మీ అమ్మాయి ఏ తరగతి చదువుతోందని పడవలోంచి అడిగితే, రెండు బారలు వేసి, ఆగి, తప్పు జవాబు చెప్పాడు. ఇక పైకి రమ్మంటే అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "డబ్బులిచ్చినవాళ్ళకు ఏం చెప్పాలి?" మరో గంట గడిస్తే అతన్ని స్పృహ లేని స్థితిలో పైకి లాగవలసి వచ్చేది. దాతలెవరూ ఆ మాట అడగలేదు, అడగరు కూడా. అతనే తన మీద వేసుకున్న భారం అది. కాబట్టి మీ విజ్ఞప్తిలో మొదటి వాక్యంలోనే ఈ విరాళం పిల్లల వైద్యానికి, ఈత ఎక్కడ ముగిసినా అది వారికే చెందుతుందని స్పష్టంగా రాయండి. సేకరణలో ఎక్కువ భాగం మీరు నీటిలో దిగేలోపే పూర్తయ్యేట్టు చూసుకోండి.

డబ్బు మీ సొంత యూపీఐకి రానివ్వకండి. ఆ పిల్లల వైద్యం చూసే సంస్థ ఖాతాకే నేరుగా వెళ్ళాలి. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే 80జీ గుర్తింపు సంస్థకు ఉందో లేదో కనుక్కోండి. ఉన్నా, నగదుగా 2,000 రూపాయలు మించి ఇచ్చినదానికి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే వర్తించదు. బ్యాంకులో పనిచేసే మీకు ఇది తెలిసే ఉంటుంది, కానీ దాతలు మిమ్మల్నే అడుగుతారు. అమెరికాలోని బంధుమిత్రుల నుంచి ఆశిస్తున్నట్టయితే మరో సంగతి ఉంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే) కార్డు ఉన్నాసరే, పంపేది విదేశీ విరాళమే. దానిని తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉండాలి. ఇక పడవలు, అనుమతులు, వసతి ఖర్చులను విరాళాలలోంచి తీయకండి. వాటిని మీరే భరించండి, లేదా ఆ పని కోసమేనని చెప్పి వేరే ప్రాయోజకుడిని చూసుకోండి.

ఇప్పుడు సముద్రం సంగతి. తలైమన్నార్, ధనుష్కోటిల మధ్య ఈతదారి సుమారు 30 కిలోమీటర్లు. మిహిర్ సేన్ 1966 ఏప్రిల్‌లో దీన్ని 25 గంటల 36 నిమిషాల్లో దాటారు. హైదరాబాద్‌లో స్థిరపడిన గోలి శ్యామల 2021 మార్చిలో 13 గంటల 43 నిమిషాల్లో దాటారు. అప్పటికి ఆమె వయసు నలభై దాటి చాలా ఏళ్ళయింది కాబట్టి మీ వయసు గురించిన బెంగ అక్కర్లేదు. 2022 మార్చిలో పదమూడేళ్ళ జియా రాయ్ ఆటిజంపై అవగాహన కోసం ఇదే జలసంధిని ఈదింది. ఒకే దారిలో 13 గంటలకూ 25 గంటలకూ ఉన్న తేడా ఈతగాళ్ళ వేగం వల్ల మాత్రమే వచ్చేది కాదు. గాలీ ప్రవాహమూ ఎదురైతే గంటసేపు బారలు వేసినా ఉన్నచోటే ఉంటాం. ఈశాన్య రుతుపవనాలు తగ్గి నైరుతి ఇంకా రాని మార్చి, ఏప్రిల్ నెలలను అందరూ ఎంచుకోవడానికి కారణం ఇదే. ఒకే తేదీ పెట్టుకుని సెలవు తీసుకోకండి. వాతావరణం కుదిరేదాకా వేచి ఉండేట్టు కనీసం వారం చేతిలో పెట్టుకోండి.

మీరు చదివానన్న పుస్తకాలు, వ్యాసాలు చాలావరకు ఇంగ్లిష్ ఛానల్ గురించినవి. వాటిలోని సలహాల్లో సగం మీకు పనికిరావు, కొన్ని హాని కూడా చేస్తాయి. అక్కడి శత్రువు చలి. 16 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లని నీటిలో 6 గంటలు ఈదినట్టు రుజువు చూపిస్తేనే ఒంటరి ఈతకు అనుమతిస్తారు. ఒళ్ళు పెంచుకోమని, వేడి పానీయాలు తాగమని వారు చెప్పేది అందుకే. పాక్ జలసంధిలో మార్చిలో నీరు 28 డిగ్రీలకు పైనే ఉంటుంది. పైన ఎండ, కింద గోరువెచ్చని నీరు, లోపల పనిచేస్తున్న కండరాల వేడి. చెమట పట్టినా నీళ్ళలో ఉండటం వల్ల తెలియదు, అందువల్ల దాహం వేయకముందే ఒళ్ళు ఎండిపోతుంది. 2010 అక్టోబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో అమెరికాకు చెందిన ఫ్రాన్ క్రిపెన్ అనే మేటి ఈతగాడు వెచ్చని నీటిలో ఈదుతూనే మరణించాడు. అతను కనబడటం లేదన్న సంగతి కూడా ఆలస్యంగానే తెలిసింది. ఆ తరువాత అంతర్జాతీయ ఈత సమాఖ్య పోటీలకు నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు మించరాదని పరిమితి పెట్టింది. మీకు ఇందులోంచి వచ్చే పాఠాలు సాదాసీదావి. పల్చని తెల్లటోపీ పెట్టుకోవాలి. పానీయాలను ఐసుపెట్టెలో ఉంచాలి. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి దారి చాలావరకు గడిచి ఉండేట్టు అర్ధరాత్రో తెల్లవారుజామునో దిగాలి. సాధనలో కూడా అన్నీ చల్లని ఉదయపు ఈతలే కాకుండా, ఈ ఏప్రిల్, మే నెలల్లో వారానికి ఒకటి ఉదయం పది గంటలప్పటి ఎండలో, మొదట ముప్పావు గంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ ఈదాలి. దీనికి ఒడ్డున తప్పనిసరిగా ఒక మనిషి ఉండాలి.

వేగం లెక్క ఇలా వేసుకోండి. ఒళ్ళు వేడెక్కాక 400 మీటర్లు గట్టిగా ఈది సమయం రాసుకోండి. బాగా విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు ఈది రాసుకోండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి సగం చేస్తే 100 మీటర్లకు మీ హద్దు వేగం, అంటే త్వరగా అలసిపోకుండా నిలబెట్టుకోగల గరిష్ఠ వేగం, వస్తుంది. ఉదాహరణకు 400కు 8 నిమిషాల 40 సెకన్లు, 200కు 4 నిమిషాల 10 సెకన్లు అయితే తేడా 4 నిమిషాల 30 సెకన్లు, సగం 2 నిమిషాల 15 సెకన్లు. రోజంతా ఈదగలిగే వేగం దీనికన్నా 10 నుంచి 15 సెకన్లు నెమ్మదిగా ఉంటుంది. అంటే 100 మీటర్లకు రెండున్నర నిమిషాలు, గంటకు 2.4 కిలోమీటర్లు, 30 కిలోమీటర్లకు పన్నెండున్నర గంటలు, ఆహారానికి ఆగే సమయం కలిపితే దాదాపు 13. ప్రవాహం సహకరిస్తే తగ్గవచ్చు, లేకపోతే 16 కావచ్చు. మీరు సిద్ధం కావలసింది 16 గంటలకు.

మొదటి నాలుగు నెలలు వారానికి నాలుగు రోజులు, మొత్తం 12 నుంచి 15 కిలోమీటర్లు చాలు. ఈ దశలో దూరం కన్నా బార సరిగా పడటం ముఖ్యం. చెయ్యి నీటిలో దిగేటప్పుడు తలముందు అడ్డంగా మధ్యగీత దాటి పడుతున్నా, బొటనవేలు ముందుగా గుచ్చుకుంటున్నా, ఆ తప్పు 2 కిలోమీటర్లలో తెలియదు. 20 కిలోమీటర్లలో భుజం ముందుభాగంలో నొప్పిగా తేలుతుంది. పక్కనుంచి, ముందునుంచి వీడియో తీయించి చూసుకోండి. చేతులకు తగిలించుకునే పెద్ద ప్యాడిల్స్ జోలికి పోకండి. రబ్బరుబ్యాండుతో భుజం వెనుక కండరాలకు వారానికి మూడుసార్లు పావుగంట వ్యాయామం చేయండి. రెండువైపులా ఊపిరి తీసుకోవడం ఇప్పుడే అలవాటు కావాలి. అలలు కుడివైపు నుంచి ముఖాన కొడుతుంటే ఎడమవైపు తప్ప గాలి అందదు.

ఐదో నెల నుంచి వారానికి 18, 20, 22 కిలోమీటర్లు అని పెంచండి. మూడు వారాలు పెంచి నాలుగో వారం మూడోవంతు తగ్గించే పద్ధతి చాలామందికి సరిపడుతుంది. కొలనులో 100 మీటర్ల చొప్పున ఇరవై, 400 చొప్పున పది, 1000 చొప్పున ఐదు, ఇలా రోజుకో రకంగా చేస్తే ఒకే వేగంలో బద్ధకంగా ఈదే అలవాటు పడదు. ఎనిమిదో నెలలో ఒకసారి 10 కిలోమీటర్లు ఆగకుండా ఈదండి. అది సాఫీగా జరగకపోతే మరుసటి మార్చిని మరో ఏడాదికి వాయిదా వేయండి. ఈ విషయంలో నేను మొండివాడిని. ఆఖరి మూడు నాలుగు నెలల్లో వారానికి 28 నుంచి 32 కిలోమీటర్లకు చేరాలి. వాటిలో ఒక 6 గంటల ఈత, తరువాత ఒక 8 గంటల ఈత, ఒక శనివారం 6 గంటలు ఈది ఆదివారం అలసిన చేతులతోనే 4 గంటలు ఈదడం తప్పక ఉండాలి. రెండోరోజు దిగడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ పదో గంటలో భుజాలు ఎలా ఉంటాయో చూపించేది ఆ ఆదివారమే. చివరి రెండు మూడు వారాలు దూరాన్ని సగానికి, ఆపైన పావుకు తగ్గించండి.

ఎక్కడ ఈదాలన్నది మీ విషయంలో తేలికే. విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో ఏళ్ళుగా ఉదయాన్నే ఈదేవారున్నారు. వారితో కలవండి. ఒంటరిగా ఒక్కరోజు కూడా దిగకండి. నడుముకు దూరానికి కొట్టొచ్చినట్టు కనబడే రంగు గాలిబుడ్డ కట్టుకోండి. జులై నుంచి అక్టోబరు దాకా వరద వచ్చి గేట్లు ఎత్తే కాలంలో నది ఊసెత్తకండి, ఆ నెలలు కొలనుకే. నది నీళ్ళు సముద్రానికి పూర్తి ప్రత్యామ్నాయం కావు. ఉప్పునీటిలో కాళ్ళు పైకి తేలతాయి, మెడ మరోరకంగా నొస్తుంది, అల మీద తల ఎత్తి దిశ చూసుకోవడం వేరే విద్య. జనవరి, ఫిబ్రవరిలో కొన్ని వారాంతాలు సముద్రానికి కేటాయించండి. విశాఖ తీరంలో చాలాచోట్ల ఒడ్డునుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి. గజఈతగాళ్ళు కూడా అక్కడ మునిగిపోయారు. ఆ తీరం తెలిసిన మత్స్యకారుడి పడవ పక్కన లేకుండా అక్కడ దిగవద్దు. ఈ సముద్రపు ఈతల్లో రెండైనా చీకట్లో మొదలుపెట్టాలి. టోపీకి, నడుముకు చిన్న వెలుగుకడ్డీలు కట్టుకుని, పడవలో దీపాలు బాగా తగ్గించి ఈదితేనే చీకటి భయం ఎంతో, దిక్కు తెలియక తల తిరగడం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఇక తిండి. నా దృష్టిలో సగం ఈత ఇదే. గంటకు సుమారు 60 గ్రాముల పిండిపదార్థం, అర లీటరుకు తగ్గకుండా ద్రవం, అరగంటకొకసారి చొప్పున ఇవ్వాలి. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే, తేలిగ్గా అరిగే పిండిపదార్థపు పొడి కలిపిన నీళ్ళు వాడటం మామూలు. మనవాళ్ళలో ఉప్పు వేసిన పల్చని గంజి, వడకట్టిన రాగిజావ, బెల్లంనీళ్ళు పడినవారూ ఉన్నారు. ఓఆర్‌ఎస్ మీద మాత్రమే ఆధారపడకండి. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, లవణాలకు బాగుంటుంది గానీ శక్తికి చాలదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయే సోడియం తక్కువ, కాబట్టి అవి రుచికి మాత్రమే. ఏది ఎంచుకున్నా రెండు గంటలు మించిన ప్రతి ఈతలోనూ అదే తాగి చూడండి. ఆ రోజు కొత్తది ఏదీ వద్దు.

తినిపించే పద్ధతి కూడా సాధన చేయాలి. సన్నతాడు కట్టిన సీసాను పడవలోంచి విసురుతారు. మీరు పడవను ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఈత చెల్లదు. వెల్లకిలా తిరిగి, కాళ్ళాడిస్తూ, ఎడమచేత్తో సీసా పట్టుకుని నాలుగైదు గుక్కల్లో తాగి, సీసా వదిలేసి బోర్లా తిరగాలి. నిమిషం దాటితే ప్రవాహం మిమ్మల్ని ఎక్కడికో తోసేస్తుంది, ఒళ్ళు కూడా బిగుసుకుంటుంది. ఆరేడు గంటల తరువాత ఉప్పుకు నాలుక వాచి మింగడం కష్టమవుతుంది. నీళ్ళు కలిపిన మౌత్‌వాష్‌తో అప్పుడప్పుడూ పుక్కిలిస్తే చాలా ఉపశమనం. వాంతి అయితే కంగారు పడకండి, పావుగంట చిన్నగా ఈది చల్లని నీళ్ళతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మూత్రం వస్తోందా అని పడవలోనివారు అడిగితే సిగ్గుపడకుండా చెప్పండి. మూడు గంటలుగా రాలేదంటే అది వారికి అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం.

చంకల్లో, మెడచుట్టూ, ఈతదుస్తుల అంచుల వెంట ఒరుసుకోకుండా వేజిలిన్ లేదా లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) దట్టంగా రాయించుకోండి. వీపుకు, ముఖానికి ఎండ తగలకుండా జింక్ ఆక్సైడ్. రాసినవారి చేతికి గ్లవుజులుండాలి, లేకపోతే ఆ జిడ్డు మీ కళ్ళద్దాలకు అంటుకుని రోజంతా మసకే.

జెల్లీ చేపలు తగులుతాయి, తప్పవు. చాలావరకు మంటే గానీ ప్రమాదం కాదు. అంటుకున్న తీగలను రుద్దకుండా తీసేసి, సముద్రపు నీళ్ళతోనే కడగాలి, మంచినీళ్ళు పోయకూడదు. ఊపిరి ఆడకపోవడం, పెదవులు వాయడం మొదలైతే ఈత అక్కడితో ఆపాలి. దగ్గుతో గులాబీరంగు నురగ వచ్చినా అంతే, అది ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తు. పడవలో వైద్యుడు ఉండి తీరాలి.

పడవలో ఎవరు ఏం చేయాలో కాగితం మీద రాసుకోండి. సరంగు దారి చూస్తాడు. అక్కడి సరంగులు తమిళం మాట్లాడతారు కాబట్టి తమిళం బాగా వచ్చిన మనిషి ఒకరు కావాలి. ఒకరు తిండి, ఒకరు ప్రతి అరగంటకూ నిమిషానికి బారలెన్నో లెక్కపెట్టి రాయడం. ఆపే అధికారం ఒక్కరికే ఉండాలి. ఆ ఒక్కరు మీ భర్త, అన్న, దగ్గరి స్నేహితురాలు కాకుండా ఉంటే మేలు. మీరు బతిమాలితే వారు కరిగిపోతారు. ఏయే సందర్భాల్లో మిమ్మల్ని అడగకుండానే పైకి తీయవచ్చో ముందే రాసి, మీరు సంతకం చేయండి. బారల సంఖ్య ఐదోవంతు పడిపోయి గంట గడిచినా కోలుకోకపోవడం, చిన్న ప్రశ్నకు తప్పు జవాబు చెప్పడం, వరసగా రెండుసార్లు ఏదీ కడుపులో నిలవకపోవడం వాటిలో ఉండాలి. పైకి తీసేటప్పుడు నిటారుగా లాగకుండా వీలైనంత అడ్డంగా ఎత్తాలని కూడా వారికి చెప్పండి. గంటల తరబడి అడ్డంగా తేలిన మనిషిని ఒక్కసారిగా నిలబెడితే రక్తపోటు పడిపోయి కూలిపోవచ్చు. "ఇంకెంత దూరం?" అని మీరు అడిగినా చెప్పవద్దని ముందే మాట తీసుకోండి. ఆ జవాబు ఎప్పుడూ మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది.

అనుమతులకు కనీసం ఆరు నెలల ముందే కదలాలి. ఇది అంతర్జాతీయ జలసరిహద్దు దాటే ఈత కాబట్టి రెండు దేశాల ప్రభుత్వాల అనుమతీ కావాలి, తీరరక్షక దళానికీ నౌకాదళానికీ రామనాథపురం జిల్లా అధికారులకూ ముందుగా తెలియాలి. ఇంతకుముందు దాటినవారి బృందంలో పనిచేసిన మనిషి ఒకరు దొరికితే మీ పని సగం తగ్గుతుంది.

వీటన్నిటికన్నా ముందు ఈ నెలలోనే ఒక హృద్రోగ నిపుణుణ్ణి కలిసి ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు, రక్తపోటు, చక్కెర, రక్తహీనత చూపించుకోండి. చెవులు కూడా ఒకసారి చూపించండి. ఆ ఫలితాల్లో డాక్టరు అభ్యంతరం చెప్పనిదీ చెప్పినదీ, మీ 400, 200 మీటర్ల సమయాలు, భుజాలకు పాత దెబ్బలేమైనా ఉంటే అవి, ఉద్యోగం వల్ల ఉదయం ఎన్ని గంటల దాకా కొలనులో ఉండగలరో రాయండి. మొదటి ఎనిమిది వారాలకు రోజువారీ పట్టిక వేసి ఇస్తాను.